దండయాత్రలకు నామకరణము

చాథాం నుండి పడవలో వచ్చి బాంబూఫ్లాట్ జెట్టీలో దిగిన వారికి మొట్టమొదట కంటికి ఆనునది కొండ. మనలో ఇరువది ముప్పది యేండ్లుగా ఇచ్చట ఉద్యోగము చేయుచున్న వారికి అది నేటికిని మౌంట్ హ్యారియట్టే. 1862 మొదలు 1864 వరకు ఇచ్చటి ఖైదీల వలసకు సూపరింటెండెంటుగా నుండిన రాబర్ట్ టైట్లరు దొర తన భార్య పేరు దానికి పెట్టించెను. 2021 అక్టోబరులో ఆ పేరు తొలగించి మౌంట్ మణిపూర్ అని పెట్టిరి. అప్పుడు మా పిల్లవాడు, "నాన్నగారూ, మణిపూరెక్కడ, మన బాంబూఫ్లాట్ ఎక్కడ?" అని యడిగెను. సమాధానము చెప్పుటకు నాలుగు పుస్తకములు తిరుగవేయవలసి వచ్చినది. పిల్లవానికి చెప్పినది కొంచెము. చెప్పక మిగిలినది ఈ సంచిక పాఠకుల ముందుంచుచున్నాను.

1891 మార్చి నెలలో అస్సాము చీఫ్ కమీషనరు క్వింటను దొర, మణిపూరు యువరాజు టికేంద్రజిత్తును పట్టుకొనవలెనని ఇంఫాలునకు పోయెను. ఆ ప్రయత్నము పోరుగా మారి, క్వింటనును మరి నలుగురు ఆంగ్లేయాధికారులును హతులైరి. వెంటనే కొహిమా, సిల్చారు, తమ్ముల నుండి మూడు దండులు మణిపూరుపై నడచినవి. ఖోంగ్‌జోమ్ వద్ద మణిపురీయులు ప్రాణములకు తెగించి పోరాడిరి. ఏప్రిల్ ముగియక ముందే కాంగ్లా కోట ఆంగ్లేయుల వశమైనది. మూడు దండులు, ఫిరంగులు, కోట ముట్టడి — ఇన్ని యున్నదానిని సామాన్యుడు యుద్ధమనును. ఆంగ్ల ప్రభుత్వము తన కాగితములలో దానిని 'మణిపూరు ఎక్స్‌పెడిషన్' అనెను. అనగా యాత్ర. మన పూర్వులు దండయాత్ర యనిరి గదా, అందులో దండును మ్రింగివేసి యాత్రను మాత్రము మిగిల్చినట్లున్నది.

యుద్ధమను మాట అసలే వారి నోట రాలేదనరాదు. వచ్చినది, కాని నేరము పేరుగా వచ్చినది. టికేంద్రజిత్తుపై మోపిన నేరము 'మహారాణిపై యుద్ధము చేయుట'. మణిపూరు స్వతంత్ర రాజ్యము, దాని రాజకుమారుడు మహారాణికి ప్రజ కాడు, ప్రజ కానివాడు రాజద్రోహి యెట్లగునని కలకత్తా న్యాయవాది మనోమోహన ఘోషుగారు వాదించిరి. ప్రభుత్వము ఆ వాదము నంగీకరింపలేదు. ఒకే పోరాటమున ఒక పక్షము చేసినది యాత్ర, రెండవ పక్షము చేసినది నేరము! 1891 ఆగస్టు 13 న టికేంద్రజిత్తును, వృద్ధుడైన తంగల్ జనరలును ఉరితీసిరి. మహారాజు కులచంద్రసింహుడును ఆయన అనుచరులును ద్వీపాంతరవాస శిక్షపై ఈ ద్వీపమునకు, ఈ కొండ చెంతకు వచ్చిరి. పోరులో పాల్గొన్న ఆంగ్లసేన సిపాయిలకు పతకముపై తగిలించుకొను పట్టీ నొకదానిని ఇచ్చిరి. దానిపై చెక్కిన మాటలు 'ఈశాన్య సరిహద్దు, 1891'. మణిపూరు పేరు అందు లేదు.

నాకు తోచినంతవరకు ఈ వ్యవహారములో మర్మమంతయు ఇచ్చటనే యున్నది. సైన్యమును నడపు ప్రభుత్వము దానికి పెట్టు పేరు వట్టి అలంకారము కాదు. ఓడినవాడు బందీయగు రాజా, బోనులో నిలువవలసిన ముద్దాయా? పొరుగువారికి తగవు తీర్చు హక్కు కలదా, లేదా? ఈ ప్రశ్నలకు సమాధానము తుపాకి పేలకముందే ఆ పేరులో వ్రాసిపెట్టియుండును.

మన తెలుగుదేశముననే దీనికి మంచి ఉదాహరణమున్నది. ఫార్సీ ఉర్దూల మార్గమున మనకు వచ్చిన 'పితూరి' అను మాటను ఈనాడు ఎట్లు వాడుచున్నాము? ఒకని మీద పైవానికి చాడీ చెప్పుటకు. ఆఫీసులలో పితూరీల సంగతి మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. అయితే మద్రాసు ప్రభుత్వపు దస్త్రములలో గోదావరి, విశాఖ మన్యములలో చెలరేగిన తిరుగుబాట్లకు అదియే పేరు. 1879 లో మొదలైన రంప తిరుగుబాటు పితూరి. 1922 ఆగస్టు 22 న చింతపల్లి పోలీసు ఠాణాపై పడి అల్లూరి సీతారామరాజు ఆరంభించిన పోరాటమును పితూరియే. దామనపల్లి కనుమలో ఇద్దరు ఆంగ్లేయాధికారులు కూలిన తరువాత, మలబారు స్పెషల్ పోలీసు చాలక అస్సాం రైఫిల్సు దళములను ఆ అడవులకు తెప్పించిరి. రమారమి రెండు సంవత్సరములు ఆ మన్యమున సేనలు తిరిగినవి. 1924 మే 7 న కొయ్యూరు వద్ద రాజును పట్టి చంపిరి. ఇంత జరిగినను అది పితూరియే, అనగా అల్లరియే. అల్లరి చేసినవారికి యుద్ధబందీల మర్యాద యెక్కడిది? ఆ పితూరిలో పట్టుబడిన గాం మల్లుదొర అండమానుకు పంపబడెను. ఆ మల్లుదొరయే 1952 లో స్వతంత్ర భారతపు తొలి లోక్‌సభకు విశాఖపట్టణము నుండి ఎన్నికయ్యెను. దస్త్రములలో పేరు మాత్రము మారలేదు. పరిశోధకులు నేటికిని ఆ కాగితములను పితూరి యను శీర్షిక క్రిందనే వెదకికొనుచున్నారు.

మన ఇరుగుపొరుగున నున్న మలయాళ సోదరుల సంగతియు నిట్టిదే. 1921 మలబారు అలజడి తరువాత ఇచ్చటికి పంపబడిన మాప్పిళ్లల సంతతివారు దక్షిణ అండమానులో కాలికట్, మంజేరి, తిరూరు అని తమ ఊళ్ల పేర్లు నిలుపుకొన్నారు. తమ తాతల నాటి ఆ ఘటనను ఏమని పిలువవలెనను వివాదము మలబారులో నూరేండ్లు గడచినను తీరలేదు. ఒకరికి అది లహళ, ఒకరికి కలాపము, మరియొకరికి స్వాతంత్ర్య సమరము.

ఇంతవరకు చెప్పినవి లోకమునకు చాటు పేర్లు. సైన్యములు తమలో తాము వాడుకొను పేర్లు వేరు. పూర్వపు సేనాపతులకు వీని యవసరము లేకుండెను. తంతి, టెలిఫోను, రేడియో వచ్చిన తరువాత శత్రువు చెవి యెచ్చటనైనను ఉండవచ్చును గనుక, ఏ యూరిపై ఎప్పుడు పడనున్నారో తెలియకుండ ఒక మారుపేరు పెట్టుకొను పద్ధతి ప్రబలినది. రెండవ ప్రపంచ యుద్ధమున ఈ పేర్లు వేలకు మించినవి. 1943 ఆగస్టులో చర్చిలు తన కార్యాలయమునకు ఈ విషయమై ఒక చీటి వ్రాసెను. పెక్కుమంది ప్రాణములు పోవు కార్యమునకు గొప్పలు చెప్పుకొను పేరు గాని, నవ్వులాటగా నుండు పేరు గాని పెట్టరాదని దాని భావము. కొడుకును పోగొట్టుకొన్న తల్లి, ఆ బిడ్డ యెక్కడ పడిపోయినాడో చెప్పవలసి వచ్చినప్పుడు, ఆ పేరు పలుకుటకు సిగ్గుపడరాదట. చర్చిలు మన దేశము విషయమున పలికిన పలుకులలో నాకు నచ్చినవి అరుదు. ఈ చీటి మాత్రము మనసున్నవాడు వ్రాసినది.

ఆయన హెచ్చరిక ఎల్లవేళల చెల్లలేదనుటకు మన ద్వీపములే సాక్షి. 1942 మార్చి 23 న జపాను సేనలు ఇచ్చట దిగినవి. వారు ఆ కార్యమునకు పెట్టుకొన్న పేరు ఒంటి అక్షరము, 'డి'. మరుసటి యేడు జనవరిలో ఆంగ్లేయులు ఒక డచ్చి జలాంతర్గామిలో చిన్న గూఢచారి దళమును రహస్యముగా ఈ తీరమున దింపిరి. దానికి నాయకుడు, అంతకుముందు ఇచ్చటనే పోలీసు అధికారిగా నుండిన మెకార్తీ దొర. ఆ కార్యము పేరు 'బాల్డ్‌హెడ్', అనగా బట్టతల! అండమానులను తిరిగి పట్టుకొనుటకు వేసిన పెద్ద పన్నాగమునకు పేరు 'బకనీరు', అనగా సముద్రపు దొంగ. 1943 నవంబరులో కైరో సమావేశమున అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు చైనా నాయకుడు చియాంగ్‌కు దీనిని వాగ్దానము చేసెను. డిసెంబరులో అది రద్దయ్యెను. కావలసిన ఓడలను ఐరోపా యుద్ధరంగము లాగుకొన్నది.

ఈ పేర్లు విని నవ్వుకొనవచ్చును. కాని ఆ కాలమున ఈ ద్వీపములలో నున్న జనులకు ఈ పేర్లలో ఒక్కటియు తెలియదు. ఎవరో గూఢచారులున్నారని జపానువారికి అనుమానము. అడవిలో దాగిన దళము వారికి చిక్కలేదు. ఊళ్లలోని గుమాస్తాలు, వైద్యులు, ఉపాధ్యాయులు చిక్కిరి. చిత్రహింసలకు లోనై డాక్టరు దివాన్‌సింగ్ 1944 జనవరి 14 న మరణించెను. అదే నెల 30 వ తేదీన హంఫ్రీగంజ్ వద్ద నలువది నలుగురిని గూఢచారులని కాల్చి చంపిరి. తాము ఏ కార్యమునకు సంబంధించినవారమని ఆరోపింపబడితిమో, దాని పేరైనను వినకయే వారు ప్రాణములు విడిచిరి. ఇప్పుడచ్చట స్మారకమున్నది. మన సంఘము వారు కుటుంబములతో వెళ్లి చూడవలసిన స్థలము.

ఇక మన సొంత ఇంటి సంగతికి వత్తును. ఒకే సైనిక చర్యకు లోపలి పేరొకటి, వెలుపలి పేరొకటి యుండి, ఆ వెలుపలి పేరు ఇంటింట వాడుకలోనికి దిగిన ఉదాహరణము హైదరాబాదు.

1947 ఆగస్టు తరువాత నిజాము భారతదేశమున చేరలేదు. ఎనుబది రెండు వేల చదరపు మైళ్లకు పైబడిన సంస్థానము. తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలు పదునారు. నవంబరు 29 న ఒక సంవత్సరమునకు యథాతథ ఒప్పందము జరిగినది. ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు పల్లెలపై పడుచుండిరి. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో జరిగిన ఘోరము తెలంగాణము మరచునది కాదు. మరియొకవైపు నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో కమ్యూనిస్టుల నాయకత్వమున రైతుల సాయుధ పోరాటము నడచుచుండెను. ఆగస్టు 21 న నిజాము ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపినది.

సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సేనలు సరిహద్దు దాటినవి. ముఖ్యదళము షోలాపురము వైపు నుండి మేజర్ జనరల్ జయంతనాథ చౌదరి ఆధిపత్యమున కదలినది. బెజవాడ వైపు నుండి మరియొక దళము సూర్యాపేట దారి పట్టినది. చౌదరి యేలుబడిలో నున్నది ఆర్మర్డ్ డివిజను, అనగా ట్యాంకుల సేన. పైన టెంపెస్టు యుద్ధవిమానములు. 17 వ తేదీ సాయంకాలమునకు నిజాము కాల్పుల విరమణ ప్రకటించెను. మరునాడు ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయెను.

సైన్యపు కాగితములలో దీని పేరు 'ఆపరేషన్ పోలో'. హైదరాబాదులో పోలో ఆట మైదానములు అధికముగా నున్నందున ఆ పేరు పెట్టిరని చెప్పుకొందురు. వినుటకు బాగున్నది; నిజమైనను కాకున్నను నష్టము లేదు. లోకమునకు చెప్పిన పేరు 'పోలీసు చర్య'. ఆ సేనలో పోలీసులెందరు, ఏ ఠాణాలో ట్యాంకులుండునని అడుగుట సులువు. పెట్టినవారు అమాయకులు కారు.

పోలీసులు పరదేశమునకు పోరు. తమ హద్దులోని దొంగను పట్టుకొందురు. కావున పోలీసు చర్య యన్నంతనే హైదరాబాదు పరదేశము కాదని చెప్పినట్లయినది. పరదేశము కానప్పుడు అది ఇంటి వ్యవహారము. ఒక దేశపు ఇంటి వ్యవహారములలో జోక్యము కలిగించుకొనరాదని ఐక్యరాజ్యసమితి శాసనములోనే రెండవ అధికరణమున వ్రాసియున్నది. ఆ యేడు జనవరిలో కాశ్మీరు తగవును మనమే ఆ మండలికి తీసికొనిపోయి, అచ్చటి చిక్కులెట్టివో అనుభవించియుంటిమి. సెప్టెంబరు 16 న పారిసు నగరమున మండలి కూర్చున్నప్పుడు మన ప్రతినిధి సర్ రామస్వామి మొదలియారు, హైదరాబాదుకు అచ్చటికి వచ్చు అధికారమే లేదని వాదించిరి. మండలి విషయమును చర్చకు చేర్చుకొన్నది. కాని మరునాటికే కార్యము ముగిసినది. 22 వ తేదీన ఫిర్యాదు విరమించుకొంటినని నిజాము తంతి యిచ్చెను. తరువాత ఒకటి రెండు మారులు మాటలు సాగినను ఏ తీర్మానమును రాలేదు. అయిదు దినముల వేగము, రెండు మాటల పేరు — రెండును కలసి పనిచేసినవి.

ఆ పేరు మనము కల్పించినదియు కాదు. ఒక సంవత్సరము ముందు, 1947 జూలై 21 న, డచ్చివారు ఇండొనీషియాపై సేనలను నడపి దానిని పోలీసు చర్యయే అనిరి. వారికిని లోపలి పేరు వేరుగా నుండెను. అది 'ప్రాడక్టు', అనగా సరుకు. జావా, సుమత్రాలలోని తోటలు, నూనెబావులు చేజిక్కించుకొనుట వారి లక్ష్యము గనుక, లోపలి పేరు వెలుపలి పేరుకంటె నిజము పలికినది. ఆ పోలీసు చర్యను ఇంటి వ్యవహారముగా ఒప్పుకొనక, జూలై 30 న భద్రతా మండలి దృష్టికి తీసికొనిపోయినవారెవరు? ఒకరు ఆస్ట్రేలియా, రెండవవారు మనమే. ఏడాది తిరిగిన కొద్దికాలమునకే అదే మాటను మనము ఎత్తుకొంటిమి. రెండు సందర్భములు ఒకటి కావు. సప్తసముద్రముల కావలనుండి వచ్చిన డచ్చివారెక్కడ, నాలుగు వైపుల భారతదేశముచే చుట్టబడిన హైదరాబాదెక్కడ? అయినను ఈ సామ్యమును మన పుస్తకములు అంతగా తలపెట్టకపోవుట గమనింపదగినది. 1950 లో కొరియా పోరును అమెరికా అధ్యక్షుడు ట్రూమను పోలీసు చర్యయేనని ఒప్పుకొనెను. అల్జీరియాలో ఎనిమిదేండ్లు పోరాడిన ఫ్రాన్సు దానిని 'శాంతిభద్రతల పరిరక్షణ' యని వ్రాసికొని, 1999 అక్టోబరులో గాని యుద్ధమని చట్టముగా ఒప్పుకొనలేదు.

హైదరాబాదుపై చర్య తీసికొనక తప్పని పరిస్థితి యుండెననియే నా యభిప్రాయము. నేను విచారించునది పేరు చేసిన పనిని గురించి. ఆ పేరు ఖాసిం రజ్వీని ఏమి చేసినదో చూడుడు. అతనిపై యుద్ధనేరము మోపలేదు. బీబీనగరు దోపిడి కేసులో ముద్దాయిగా నిలిపిరి. ఆ కేసు సుప్రీంకోర్టు వరకు పోయినది. 1957 లో విడుదలయై పాకిస్తానుకు పోయెను. ఒక రాజ్యమునే గడగడలాడించినవాడు చట్టము కంటికి దోపిడికాడు! పోలీసు చర్యకు తగినట్టి ముగింపే.

అయితే అదే తర్కమును చివరివరకు నడపినచో ఒకచోట అడుగు తడబడును. పోలీసు చర్యయైనచో పడిన ప్రతి శవమునకు పంచనామా యుండవలెను, పేలిన ప్రతి గుండునకు సంజాయిషీ యుండవలెను. యుద్ధమైనచో హతుల లెక్క యుండవలెను. సేనలు ప్రవేశించిన తరువాత ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిము కుటుంబములపై ప్రతీకారముగా ఊచకోతలు, దోపిళ్లు జరిగినవి. వానిని విచారించి రమ్మని ప్రధాని నెహ్రూ పండిత సుందరలాలు మున్నగువారిని పంపెను. 1948 చివర రెండు నెలలలో వారు జిల్లాలు తిరిగి నివేదిక యిచ్చిరి. సైన్యము మొత్తముమీద క్రమశిక్షణతో మెలగినదనియు, కొన్నిచోట్ల సైనికులును దౌర్జన్యములలో పాల్గొన్నారనియు, తగ్గించి చెప్పినను ఇరువదియేడు వేలనుండి నలువది వేలమంది వరకు చనిపోయిరనియు వారు వ్రాసిరి. ఈ సంఖ్యను ఒప్పుకొననివారు కలరు. ఆ నివేదికను చిరకాలము ప్రభుత్వము ప్రచురింపలేదు. పోలీసు చర్యలో ఇంతమంది చనిపోయిరనుట ఆ మాట మోయగల బరువు కాదు. రజాకార్ల చేతిలో పోయినవారికి ఊరూర పాటలు, స్తూపములు మిగిలినవి. ఈ రెండవవారు పంచనామాకు ఎక్కలేదు, యుద్ధపు లెక్కకును ఎక్కలేదు.

సైన్యము అయిదు దినములతో తిరిగి పోనులేదు. తెలంగాణపు పల్లెలలో కమ్యూనిస్టు దళములను అణచుటకు మరి మూడేండ్లు నిలిచినది. 1951 అక్టోబరులో గాని ఆ సాయుధ పోరాటము విరమింపబడలేదు. దానికి పోలో వంటి పేరుగాని, పోలీసు చర్య వంటి పేరుగాని ఒక్కటి స్థిరపడలేదు. అయిదు దినములకు రెండు పేర్లు, మూడేండ్లకు ఒక్కటియు లేదు!

సెప్టెంబరు 17 ను ఏమనవలెనను తగవు నేటికిని తెగలేదు. విమోచన దినమని కొందరు, విలీన దినమని కొందరు, విద్రోహ దినమని మరికొందరు. 2022 లో కేంద్ర ప్రభుత్వము హైదరాబాదు విమోచన దినమనియు, అదే దినమున రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమనియు ఉత్సవములు చేసినవి. 2024 లో మారిన రాష్ట్ర ప్రభుత్వము ప్రజాపాలన దినోత్సవమనెను. ఒక్క తేదీకి ఇన్ని నామములు గల పండుగ మన పంచాంగములో మరియొకటి లేదు.

తరువాతి కాలమున గాలి మారినది. పేర్లు దాచుటకు మారుగా చాటుట మొదలైనది. 1961 డిసెంబరులో గోవాపై నడచిన చర్యకు 'విజయ్' అని పేరు. 1999 లో కార్గిలు కొండలపై పోరుకును అదే పేరు. 1984 లో సియాచిను మంచుకొండలపైకి సేనలను విమానములలో చేర్చిన కార్యమునకు 'మేఘదూత్' అని పెట్టినవాడెవరో కాళిదాసును చదివినవాడై యుండవలెను. 1987 లో సింహళమున జరిపిన కార్యమునకు పేరు 'పవన్'. లంకకు పోవునప్పుడు పవనసుతుడు గుర్తుకు వచ్చెనేమో యని నా ఊహ. పోయినది శాంతి పరిరక్షక దళమను పేరుతో. తిరిగిరానివారు వేయిమందికి పైగా. అమెరికావారు 1989 లో పనామాపై పడునప్పుడు ముందు పెట్టుకొన్న 'నీలి చెంచా' అను అర్థముగల సంకేతనామమును తీసివేసి 'న్యాయమైన కారణము' అని అర్థము వచ్చునది పెట్టిరి. శత్రువునుండి దాచుటకు పుట్టిన పేరు, సొంత ప్రజలకు చెప్పుకొను పేరైనది. 2025 మే 7 న పహల్‌గాం హత్యాకాండకు ప్రతిగా జరిపిన చర్యకు 'సిందూర్' అను పేరు అర్ధరాత్రి చర్యతోపాటే ప్రకటింపబడినది. భర్తలను కోల్పోయిన స్త్రీల నొసటి బొట్టు ఆ పేరులో నున్నదని ఎవరికిని విడమరచి చెప్పనక్కరలేకపోయెను. అయినను ఆనాటి ప్రకటనలో యుద్ధమను మాట లేదు. పాకిస్తాను సైనిక స్థావరములపై దాడి చేయలేదని ప్రత్యేకముగా చెప్పిరి. పేరు ఎంత గట్టిగా పలికినను, ఆ ఒక్క మాట దగ్గర ప్రభుత్వములు నాటికిని నేటికిని నోరు బిగబట్టుచునే యున్నవి.

నిర్మొగమాటముగా పేరు చాటగల సైనిక కార్యము ఒక్కటి మన ద్వీపములు చూచినవి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత నౌకాదళము ఇచ్చట జరిపిన సహాయ కార్యము పేరు 'సీ వేవ్స్', సముద్రపు అలలు. ఆంధ్ర, తమిళ తీరములలో అదే పని 'మదద్' అను పేర జరిగినది.

ఈ వ్యాసము సగము వ్రాసియుండగా మా లైనులోని ఒక మిత్రుని ఇంటికి నల్లగొండ నుండి ఆయన తల్లిగారు వచ్చిరి. ఆమెకు ఇచ్చటి ఆసుపత్రి చీటీకి వయస్సు వ్రాయవలసి వచ్చి, ఫారము నా చేతికిచ్చిరి. పుట్టిన తేదీ అడిగితిని.

"తారీఖు నాకేమెరుక బిడ్డా! మిలిట్రి వచ్చిన యేడు నేను అప్పుడప్పుడే నడుస్తున్ననట. మా అమ్మ నన్ను చంకనేసుకొని జొన్నచేన్ల దాక్కున్నదట."

"పోలీసు యాక్షను నాడా, అమ్మా?" అని యడిగితిని.

"అదే. అందరు గట్లనే అంటరు. మా అమ్మ మాత్రం పోలీసోల్లు కాదు, మిలిట్రి అనేది. ట్యాంకులు జూసింది గద."

1948 లో నడక వచ్చినచో 1947 లో పుట్టియుండవలెను. ఫారములో ఆ సంవత్సరమే వ్రాసి ఆమె వ్రేలిముద్ర వేయించితిని.